కుళాయి ఫోటోలో లేని మనిషి

చిన్నక్కకి నలభై రెండేళ్లు. కెమెరా ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాత కూడా కాసేపు గాలికి ఆరబెట్టుకుంటుంది.

చిన్నక్క అనేది పుట్టింట్లో తమ్ముళ్ల పిలుపు. పెళ్లయిన కొత్తలో ఓ తమ్ముడు చూడ్డానికొచ్చి గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచాడు. వీధంతా విని అదే ఖాయం చేసుకుంది. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా చిన్నక్కా అనే పిలుస్తారు.

కెమెరా మరిది ఇచ్చాడు. ఇచ్చాడంటే, పెద్దది కొనుక్కుని దీన్ని వదిలేశాడు. అరచేతిలో ఇమిడే వెండిరంగు డబ్బా. బటన్ నొక్కితే ముక్కు బయటికి చాపుతుంది, ఆపేస్తే ముక్కు లోపలికి లాక్కుని రెప్ప మూసుకుంటుంది. ఇంటాయన దాన్ని "మన కెమెరా" అంటాడు. ఆ మనలో తుడిచేదెవరో, చార్జింగు పెట్టేదెవరో ఎవరూ విడదీసి చూడలేదు.

తుడవడం అంటే అలా ఓ గుడ్డ పెట్టి రుద్దేయడం కాదు. ముందు చెవిలో మందు వేసే రబ్బరు బుడ్డితో ఉఫ్ ఉఫ్ మని దుమ్ము ఊదాలి. దుమ్ముండగా రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి. ఆ తర్వాత కళ్లజోడు పెట్టెలో వచ్చిన మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచులకి గుండ్రంగా తుడవాలి. ముక్కు చుట్టూ ఉన్న సందులో పాత టూత్‌బ్రష్ ఆడించాలి. కొన్నాళ్లు వాడకపోతే బ్యాటరీ బయటికి తీసి పెట్టాలి. కొత్త చెప్పుల పెట్టెల్లో తేమ పీల్చడానికి వేసే చిన్న పొట్లాలుంటాయే, ఆ పొట్లాలన్నీ చిన్నక్క దాచి కెమెరా డబ్బాలో పరిచింది. ఆ ఇంట్లో దేనికైనా పక్క వేసి పడుకోబెట్టారంటే దానికే.

ఫోటో తీసేటప్పుడు మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, బటన్ సగం నొక్కి, తెర మీద ఆకుపచ్చ గడి వెలిగేదాకా ఆగుతుంది. అప్పుడు మిగతా సగం నొక్కుతుంది. ఆమె తీసిన ఫోటోల్లో చెయ్యి వణికినది ఒక్కటీ ఉండదు. ఫోన్లలో కెమెరాలు ఇంకా అందరికీ రాని రోజులు కావడంతో, వీధిలో ఎవరింట్లో నలుగురు కూడినా చిన్నక్కని పిలిచేవాళ్లు.

ఆ కెమెరాతో ఇబ్బంది ఒక్కటే. తీసిన ఫోటోల్ని ఆ రోజే చూసెయ్యాలి. నిలవుంచితే అందులో ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు.

పొద్దున సోఫాలో ఆడా మగా వరసగా కూర్చుని నవ్వుతుంటే తీసిన ఫోటో, సాయంత్రం చూస్తే మగవాళ్లు మాత్రం అదే నవ్వుతో ఉంటారు. వాళ్ల మధ్య ఆడవాళ్లు కూర్చున్న ఖాళీ చోట్లు, నలిగిన దిండ్లు ఉంటాయి. మరిది పెళ్లినాటి ఫోటోలో పెళ్లికూతురే లేదు. అతను పక్కనున్న గాలితో చెయ్యి కలిపి నిలబడి ఉన్నాడు. కాగితం మీదికి ఎక్కించేస్తే మాత్రం ఇక ఎవరూ కదలరు. అందుకని వీధిలో ఆడవాళ్లు ఫోటోకి నిలబడగానే, "మేం లేవకముందే ప్రింటేయించు చిన్నక్కా" అని చెప్పి మరీ నవ్వేవాళ్లు. చిన్నక్క ఆ పూటే కార్డు తీసుకుని బజారులో స్టూడియోకి పరిగెత్తేది.

లేచి ఎక్కడికి వెళ్తారంటే, వంటింట్లోకి. అది కూడా చిన్నక్కే కనిపెట్టింది. ఒకసారి వంటింటి కుళాయి కారుతుంటే, పైపుల మేస్త్రీకి చూపించడానికని ఫోటో తీసింది. తీసినప్పుడు అందులో కుళాయి, తొట్టి, కింద పెట్టిన గిన్నె. అంతే. వారం తిరిగేసరికి అందులో అత్తగారు తొట్టి ముందు నిలబడి ఉంది. తర్వాత తోటికోడలు చేరింది. పక్కింటి టైలరమ్మ, ఎదురింటి టీచరమ్మ, టీచరమ్మ అత్తగారు. ఏ ఇంట్లో తీసినా, ఏ ఫోటోలోంచి లేచినా అందరూ వచ్చి ఆ కుళాయి దగ్గరే తేలేవాళ్లు. ఇసకేస్తే రాలనంత మంది. మేస్త్రీ ఫోటో చూసి, ఇంతమంది అడ్డం నిలబడితే పైపు ఎలా కనబడుతుందమ్మా, నేనే వచ్చి చూస్తానన్నాడు.

అత్తగారికి మోకాళ్లు పనిచెయ్యక వంటింటి గడప దాటి ఏళ్లయింది. ఫోటోలో ఆవిడ నిటారుగా నిలబడి పెద్ద గిన్నె తోముతుంటే ఇంటాయన చూసి, "అమ్మకి ఫోటోలో మోకాళ్లు బాగానే ఉన్నాయే" అని నవ్వాడు.

"ఉంటాయిరా. అక్కడ నువ్వు లేవుగా" అంది అత్తగారు.

ఇంటాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత తేలికయ్యేదో. లారీల కంపెనీలో పెద్ద గుమాస్తా. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, పత్రికలు చదువుతాడు, ఆడవాళ్ల మీద జరిగే అన్యాయాల గురించి భోజనం దగ్గర బాధపడతాడు. బాధపడుతూనే మంచినీళ్లు అంటాడు. చిన్నక్క లేచి ఇస్తుంది.

స్టూడియో ఆవిడ చిన్నక్క ఫోటోల్ని రోజూ చూస్తూ వచ్చింది. చెయ్యి చూసింది, వెలుతురు పట్టడం చూసింది, ఏడ్చే పసివాళ్లని నిలబెట్టడం చూసింది. ఒకరోజు ప్రింట్లు కవర్లో పెడుతూ మామూలుగా అడిగింది. రేవు పట్నంలో తను ఇంకో స్టూడియో తెరుస్తోంది. నడపడానికి మనిషి కావాలి. కింద దుకాణం, పైన గది. జీతం, గది తాళం రెండూ చిన్నక్క చేతికే ఇస్తుంది. అక్కడికి బస్సులో ఒక పూట ప్రయాణం. ఈ నెలాఖరులోగా చెప్పాలి, లేకపోతే వేరే ఎవర్నైనా చూసుకుంటుంది.

ఒకరోజు ఇద్దరూ కలిసి వెళ్లి ఆ దుకాణం చూసొచ్చారు కూడా. చిన్నక్క బయల్దేరేటప్పుడు మనూరి బస్టాండులో బెంచీల్ని ఒక ఫోటో తీసింది, అక్కడ దుకాణానికి మూసి ఉన్న షట్టర్ని ఒక ఫోటో తీసింది. సముద్రం పక్కనే ఉంది కానీ ఫోటో తియ్యలేదు. ముక్కు సందులోకి ఇసక దూరితే కెమెరా పని అయిపోతుంది. దానికి ప్లాస్టిక్ సంచి కట్టాలి, ఆ రోజు దగ్గర లేదు.

ఇంటికొచ్చి చెప్తే ఇంటాయన కోప్పడలేదు. శ్రద్ధగా విని, చూద్దాం అన్నాడు.

చూద్దాం అనేది ఆ ఇంట్లో అటక లాంటి మాట. దాని మీదికి ఎక్కించినవి మళ్లీ కిందికి దిగవు. చిన్నక్క కుట్టు మిషను, చిన్నక్క డిగ్రీ రెండో సంవత్సరం, పుట్టింటికి వెళ్లి నెల్లాళ్లు ఉండటం, అన్నీ అక్కడే ఉన్నాయి.

ఆ రోజు నుంచీ చిన్నక్కకి కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండేది కాదు. తుడిచిన కెమెరానే మళ్లీ తుడిచేది. కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచేది. కాలేజీకి వెళ్తున్న కూతురు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అమ్మా, నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. వెళ్తావా, వెళ్లవా, ఏదో ఒకటి తేల్చు" అంది.

"మీ నాన్న చూద్దామన్నారుగా."

"నాన్న చూస్తారులే, నువ్వు చూస్తూ ఉండు" అని వెళ్లిపోయింది.

స్టూడియో ఆవిడ దుకాణం కార్డు మీద వెయ్యడానికి చిన్నక్క ఫోటో ఒకటి కావాలంది. ఖాయమైతే వేద్దాం, ముందు తీసిపెట్టుకో అంది. అప్పుడు తెలిసొచ్చింది, ఇన్నేళ్లలో ఆ కెమెరాలో చిన్నక్క ఫోటో ఒక్కటీ లేదని. తీసే మనిషి ఫోటోలో ఎలా ఉంటుంది?

కెమెరాకి దానంతటదే తీసుకునే ఏర్పాటు ఉంది. చిన్న ఎర్ర దీపం టకటకా కొట్టుకుని, ఆగి, క్లిక్ మంటుంది. బల్ల మీద పప్పు డబ్బా, దాని మీద కెమెరా పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుంది. నొక్కి పరిగెత్తింది. మొదటి ఫోటోలో వీపు పడింది. రెండోదాంట్లో ఒక మోచెయ్యి, కుర్చీ. మూడోదాంట్లో కూర్చోబోతూ గాల్లో ఉంది. మంచం మీంచి చూస్తున్న అత్తగారు ఇక ఉండలేకపోయింది.

"పాలు పొంగిపోతున్నట్టు పరిగెత్తుతావేం? నడిచి వెళ్లి కూర్చో. అది నీకోసం కాకపోతే ఇంకెవరికోసం ఆగుతుంది?"

నడిచి వెళ్లి కూర్చుంది. బాగా వచ్చింది. ముఖం మీద వెలుతురు పక్కనుంచి పడి, పెదవుల మీద కొంచెం అనుమానం, కళ్లలో కొంచెం తొందర. అత్తగారు కెమెరాని కంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, పర్లేదే అంది. ఆవిడ నోట అది పెద్ద మెచ్చుకోలు.

కానీ ఆ రోజు బజారులో కరెంటు లేక స్టూడియో తెరవలేదు. ప్రింటు పడలేదు. సాయంత్రానికి ఫోటోలో కుర్చీ ఖాళీ.

ఇంటాయన టీ తాగుతూ, వంటింట్లో ఉంటుందిలే, కుళాయి ఫోటో చూడండి అన్నాడు. కూతురు చూసింది. అత్తగారుంది, తోటికోడలుంది, టీచరమ్మా, టైలరమ్మా అందరూ ఉన్నారు. ముఖాలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూసింది. చిన్నక్క లేదు.

"లేకపోవడమేంటి? వెనకాల ఎక్కడో ఉంటుంది. సరిగ్గా చూడు" అన్నాడు ఇంటాయన. కప్పు కింద పెట్టాడు.

కూతురు బటన్ నొక్కుకుంటూ ఒక్కో ఫోటో దాటించింది. వీధి దీపం పగిలితే ఫిర్యాదు చెయ్యడానికి తీసిన ఫోటో ఒకటుంది. ఆ దీపస్తంభం దాటి, వీధి మలుపు దగ్గర, వీపు ఇటు పెట్టి నడుస్తూ ఒక మనిషి. చేతిలో సంచి.

నిజం చిన్నక్క అప్పుడు వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నీళ్ల చప్పుడు వినబడుతూనే ఉంది.

మర్నాటికి ఫోటోలోని చిన్నక్క వీధిలో లేదు. బస్టాండు ఫోటోలో బెంచీ మీద, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ తోవలో ఇక మిగిలింది ఒకే ఫోటో. రేవు పట్నంలో షట్టరు.

ఇంటాయన తమ్ముణ్ణి పిలిపించాడు. మరిది కెమెరా తిరగేసి, అడుగున మూత తీసి, గోరంత కార్డు బయటికి లాగాడు. పక్కన బియ్యపు గింజంత మీట చూపించాడు. "దీన్ని కిందికి జరిపితే తాళం పడినట్టే అన్నయ్యా. లోపలున్నది చెరిగిపోదు, కదలదు" అన్నాడు. అంటూ తనే జరిపి పెట్టాడు. తన పెళ్లి ఫోటోకి ముందే ఈ సంగతి తెలిసుంటే బాగుండేదని వాపోయాడు కూడా.

రాత్రి భోజనాల దగ్గర ఇంటాయన, "కార్డుకి తాళం వేయించాను. పొరపాటున ఫోటోలు పోతాయేమోనని" అని చెప్పాడు. చిన్నక్క కూర గిన్నె కింద పెట్టి, "మంచిపని చేశారు" అంది.

మీట గోటితో పైకి జరపడానికి ఎంతసేపు? చంటిపిల్లైనా చేస్తుంది. చిన్నక్క రోజూ పనులయ్యాక కార్డు బయటికి తీసి, మీట మీద బొటనవేలు పెట్టి, తీసేసి, కార్డు మళ్లీ లోపల పెట్టేసేది. ఆ ఇంట్లో ఆయన చేసిన పనిని ఆమె ఎప్పుడూ వెనక్కి తిప్పలేదు. టీవీ మీద ఆయన పెట్టిన బొమ్మ వంకరగా ఉంటే వంకరగానే తుడిచింది. తాళాలన్నీ బియ్యపు గింజంతే ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న అలవాటే బండరాయంత.

బస్టాండు ఫోటోలో మనిషి అలాగే బెంచీ మీద ఉంది. కదలడం లేదు కానీ ఊరికే కూర్చోలేదు. సంచి పిడిని రెండు చేతులా పిడికిట పట్టింది, ఒక కాలు ముందుకి పెట్టి ఉంది. నిజం చిన్నక్కకి అరికాళ్లు మంటలు. నిద్రలో కూడా కాళ్లు ఆడిస్తోందని ఇంటాయన పక్క మార్చుకున్నాడు. కుళాయి ఫోటోలో ఆడవాళ్లు కూడా చిక్కుబడిపోయారు. రోజులు గడుస్తున్న కొద్దీ వాళ్ల నడుములు వంగాయి. అత్తగారు అది చూసి, "నా మోకాళ్లు అక్కడ కూడా పోయేట్టున్నాయి" అని గొణిగింది.

నెలాఖరు దగ్గరపడింది. స్టూడియో ఆవిడ రెండుసార్లు అడిగింది, మూడోసారి అడగలేదు. వేరే ఒకావిడతో మాట్లాడుతోందని టైలరమ్మ చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఇంటాయన్ని మేనేజర్ని చేశారు. ఆ ఆనందంలో ఆఫీసువాళ్లందర్నీ, వాళ్ల భార్యల్నీ ఇంటికి భోజనానికి పిలిచాడు. కంపెనీ యజమాని, పెద్ద దొర, స్వయంగా వస్తానన్నాడు. కంపెనీ గోడ మీద మేనేజర్ల ఫోటోలు వరసగా ఉంటాయట, దొర పక్కన నిలబడి తీయించుకున్నది అక్కడ తగిలిస్తారట. ఇంటాయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. భార్యతో, కెమెరా బాగా తుడిచి పెట్టు, బ్యాటరీ నిండా పెట్టు, ముఖాలు స్పష్టంగా రావాలి సుమా అని నాలుగైదుసార్లు చెప్పాడు.

చిన్నక్క తుడిచింది. బుడ్డితో ఊదింది, గుడ్డతో గుండ్రంగా తుడిచింది, బ్యాటరీ నిండా పెట్టింది. తాళం పడ్డ కార్డు పాత ఫోటోల్ని ఎలా పోనివ్వదో, కొత్తవాటినీ అలాగే రానివ్వదు. ఈ ముక్క ఆమెకి తెలుసు. కెమెరా సంగతి ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

భోజనాలయ్యాయి. వెలుతురుండగానే తీద్దామని అందర్నీ వాకిట్లో నిలబెట్టారు. నడిమిన దొర, ఆయన పక్కన ఇంటాయన, ఇటూ అటూ గుమాస్తాలు, ముందు కుర్చీల్లో ఆడవాళ్లు. అందరూ నవ్వులు సిద్ధం చేసుకున్నారు. చిన్నక్క చేతులు ఆరబెట్టుకుని, మోచేతులు డొక్కలకి ఆనించి, బటన్ నొక్కింది.

కెమెరా కీచుమంది. తెర మీద కార్డు బొమ్మ, దాని మీద తాళం బొమ్మ.

"ఏమైంది?" అన్నాడు ఇంటాయన, పెదవులు కదలకుండా. నవ్వు చెదరకూడదుగా.

"కార్డుకి తాళం వేసి ఉందండీ. ఫోటో పడదు."

దొర చేతి గడియారం చూసుకున్నాడు. బయట కారు డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఉంచాడు. గుమాస్తాల నవ్వులు ఒక్కొక్కటే జారుతున్నాయి. మరిది పెద్ద కెమెరా ఊళ్లో లేదు, మరమ్మతుకి వెళ్లింది.

చిన్నక్క కెమెరా దించింది. తొందరపడలేదు. "తియ్యమంటారా?" అని అడిగింది.

ఏది తియ్యాలా అని అడుగుతోందో ఆయనకి తెలుసు. బస్టాండు బెంచీ ఆయన కళ్ల ముందుకి వచ్చే ఉంటుంది. కుర్చీలో కూర్చున్న అత్తగారు వెనక్కి తిరిగి కొడుకు ముఖంలోకి చూసింది. కూతురు గోడకి ఆనుకుని తండ్రినే చూస్తోంది. ఆయన ఒకసారి భార్యని చూశాడు, ఒకసారి పక్కనున్న దొర భుజాన్ని చూశాడు. ఆ భుజం తన భుజానికి ఆనుకుని ఉంది. జీవితంలో మొదటిసారి.

"తియ్యి" అన్నాడు.

"అందరూ విన్నారుగా" అంది అత్తగారు, ఎవరితోనో అన్నట్టు.

చిన్నక్క మూత తెరిచి, కార్డు లాగి, మీటని గోటితో పైకి జరిపింది. చిన్న చప్పుడైంది. కార్డు లోపల పెట్టింది. ఆకుపచ్చ గడి వెలిగేదాకా ఊపిరి బిగబట్టి ఆగింది. ఫోటో తీసింది. ఇంకొకటి తీసింది. రెండూ అద్దంలా వచ్చాయి. దొర చూసి భేష్ అన్నాడు. ఇంటాయన పొంగిపోయాడు.

అతిథులు వెళ్లి టీ కప్పులు లోపలికి చేరేలోగా కూతురు కెమెరా తెరిచి చూసింది. బస్టాండు బెంచీ ఖాళీ. తర్వాతి ఫోటోలో షట్టరు సగం పైకెత్తి ఉంది. లోపల దీపం వెలుగుతోంది.

చిన్నక్క కప్పులు కడగలేదు. చెప్పులు వేసుకుని బజారుకి నడిచి వెళ్లింది. స్టూడియో ఆవిడ దుకాణం మూసేస్తూ ఉంది. ఏం మాట్లాడుకున్నారో గానీ, తిరిగి వచ్చేటప్పుడు చిన్నక్క చేతిలో దొరా మేనేజరూ ఉన్న ఫోటో ప్రింటు, ఒక తాళంచెవి ఉన్నాయి. ఫోటో భర్తకిచ్చింది. తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది. అరికాళ్ల మంట అప్పటికే తగ్గిపోయింది.

"మరి చూద్దామనుకున్నాం కదా" అన్నాడు ఆయన.

"చూశాను" అంది.

మర్నాడు పొద్దున సంచి సర్దుకుంటుంటే అత్తగారు మంచం మీంచి పిలిచింది. "అమ్మాయ్, కెమెరా తీసుకెళ్తున్నావా?"

"తీసుకెళ్తున్నానండీ. మీకేమన్నా..."

"నాకేం వద్దు. ఆ కుళాయి ఫోటో కూడా అందులోనే ఉందిగా. ఆ ఊరొచ్చి కూడా గిన్నెలే తోమాలా మేము? తోవ చూడు."

కోడలు అలాగేనండీ అంది. వంగి ఆవిడ మోకాళ్ల మీద దుప్పటి సర్దింది. కూతురు బస్టాండు దాకా వచ్చి, ఆ బెంచీ దగ్గర సంచి అందించింది.

చేరిన రోజే, దుకాణం ఊడ్చకముందే, చిన్నక్క కెమెరాకి ప్లాస్టిక్ సంచి కట్టి, ముక్కు మేరకు చిల్లు పెట్టి, సముద్రం దగ్గరికి వెళ్లింది. నీళ్లు, ఆకాశం, ఇసక. మనిషన్నది పడకుండా ఒకే ఒక్క ఫోటో తీసింది. తీసి, అలవాటుకి విరుద్ధంగా ప్రింటు వెయ్యకుండా ఒక రాత్రి నిలవుంచింది. తెల్లారి చూసుకుని, వెంటనే కాగితం మీదికి ఎక్కించి, పోస్టులో ఇంటికి పంపింది.

కవరు ఇంటాయనే చించాడు. ఫోటోలో అలల అంచున టీచరమ్మా, టైలరమ్మా, తోటికోడలూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. టీచరమ్మ అత్తగారు ఇసకలో చతికిలబడి కూర్చుంది. అందరికంటే ముందు, మోకాళ్ల లోతు నీళ్లలో, వీపు ఇటు పెట్టి నిటారుగా నిలబడింది అత్తగారు. ఆయన ఆ ఫోటో తల్లి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. గిన్నెలు పడి ఉన్నాయి.

చిన్నక్క ఆ స్టూడియోని పదకొండేళ్లు నడిపి, తర్వాత కొనుక్కుంది. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేది. ఉండటానికి రాలేదు.